కోఠీ రెసిడెన్సీ సౌధము

హైదరాబాదునందలి కోఠీ రెసిడెన్సీని జూచువారు దాని సౌందర్యమునే కొనియాడుదురు. మా పామూరునకు వాయవ్యముననున్న కంభము సీమకు దానితో వేఱొక సంబంధము గలదు. ఆ సీమను దత్తమండలములతోఁ గూడ కుంపిణీకి సంక్రమింపఁజేసిన 1800వ సంవత్సరపు సంధిని నడపిన జేమ్సు కిర్కుపాట్రిక్కే యీ సౌధమును గట్టించెను. 1798లో నిజాము కొలువునందలి పరాసు పటాలములను నిరాయుధములఁ గావించినవాఁడు నతఁడే.

శిల్పి సామ్యూలు రస్సెలు. ముఖమంటపమున నున్నతములగు కొరింథియను స్తంభములు, వానిపై త్రికోణపుఁ బట్టికయందు కుంపిణీ చిహ్నము, సోపానముల కిరుప్రక్కల సింహములు. 1768లో వెర్సాయి యుద్యానమున ముగిసిన పెటీ త్రియానోను గృహమునను నిట్టి స్తంభములే కలవు. పరాసులు, ఆంగ్లేయులు రణమున వైరులైనను శిల్పమున రోమకుల శిష్యులే.

సీమలు నిజామువి, గృహమునకైన ధనమును నిజాముదే, అందు వసించినవాఁడు మాత్రము కుంపిణీ ప్రతినిధి. ఇంతకన్న స్పష్టమగు శాసన మేల?

కిర్కుపాట్రిక్కు 1805లో కలకత్తాలో మరణించెను. 1857 జూలై 17న తుర్రెబాజుఖాను మొదలగువారు దీనిని ముట్టడించిరి. 1949 నుండి యిది స్త్రీవిద్యాలయమయ్యెను. ఘోషాయందున్న భార్య ఖైరున్నిసా చూచుటకై యతఁడు చేయించెనని చెప్పెడి సౌధపుఁ జిన్న ప్రతిరూపము మాత్రము వెనుకతోఁటలో నిలిచియున్నది. ఆమె వసించిన రంగమహలు పడఁగొట్టఁబడినది.