చప్పుడు చేయని రెయిన్‌కోటు: వేటగాడి జాకెట్ వెనక 200 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది.

నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటాడు. అక్కడ నవంబర్ వస్తే జింకల వేట సీజన్. లైసెన్సు తీసుకుని, రూల్స్ ప్రకారం వేటాడతారు. వాడి టీమ్‌లో ఒకాయన "ఈసారి నువ్వూ రా, తుపాకీ పట్టుకోనక్కర్లేదు, ఊరికే నా పక్కన కూర్చో" అన్నాడట. మనవాడు జాకెట్ కొనడానికి షాపుకెళ్లాడు. వాన తగలకూడదు, చలి ఆగాలి, అంతే కదా అనుకుని బాగా ఖరీదైన రెయిన్ జాకెట్ తీశాడు. షాపులో ఉన్న పెద్దాయన ఏమీ అనలేదు. ఆ జాకెట్ చేతిని వీడి చెవి దగ్గరికి తెచ్చి గోటితో గీకాడు. చర్‌ర్‌ర్... అచ్చం చిప్స్ ప్యాకెట్ చప్పుడు. "నువ్వు కూర్చునేలోపే జింక పక్క ఊళ్లో ఉంటుంది" అన్నాడట.

ఆ రాత్రి వాడు నాకు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది: "ఒరేయ్, నీళ్లు ఆపే బట్ట చప్పుడెందుకు చేస్తుంది? చప్పుడు చేయని బట్టేమో నీళ్లెందుకు పీలుస్తుంది?"

నాకూ తెలీదు. చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోతే రబ్బరు, యుద్ధం, సముద్రంలో పడ్డ పైలట్లు, ఇలా ఎక్కడెక్కడికో వెళ్లింది కథ.

ముందే ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. వేటకెళ్లమని చెప్పే వీడియో కాదిది. ఇది ఒక జాకెట్ చరిత్ర. అడవిలో కెమెరా పట్టుకుని కూర్చునేవాళ్లకి కూడా పనికొస్తుంది.

అసలు చప్పుడు గొడవ ఎందుకో చూద్దాం. మన చెవి దాదాపు 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. జార్జియా యూనివర్సిటీ వాళ్లు తెల్లతోక జింక మీద పరీక్ష చేస్తే అది 30 కిలోహెర్ట్జ్ దాకా వింటుందని, 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య బాగా వింటుందని తేలింది. ఇంకో సంగతి తెలుసా? మిన్నెసోటాలో వేటగాళ్లు కొట్టొచ్చే నారింజ రంగో, గులాబీ రంగో వేసుకోవాలని రూల్ ఉంది, ఒకరినొకరు కాల్చుకోకుండా. మనకి అంత మెరిసే నారింజ రంగు జింక కంటికి అలా కనపడదు. అంటే రంగుతో బతికిపోవచ్చు, చప్పుడుతో మాత్రం దొరికిపోతాం.

మరి బట్టకి చప్పుడెక్కడిది? బిరుసైన పొర వంగినప్పుడు మెల్లగా వంగదు, టక్కున మడత పడుతుంది. ఒక్కో మడత ఒక్కో చిన్న 'టక్'. అలాంటివి వందలు కలిస్తే చర్‌ర్‌ర్. మెత్తటి ఉన్ని ఇలా టక్కుమనదు, పైగా చప్పుడుని తనలోకే లాక్కుంటుంది. నీళ్లు ఆపాలంటే మనిషికి తట్టిన మొదటి ఉపాయం బట్టకి ఏదో ఒక పూత పూయడం. పూత పూస్తే బట్ట బిరుసెక్కుతుంది. చలిలో ఇంకా బిరుసెక్కుతుంది. మొత్తం కథ ఈ ముడి దగ్గరే ఉంది.

ఈ ముడి ఫ్యాక్టరీలతో మొదలైంది కాదు. ఆర్కిటిక్‌లో ఇన్యూట్ ప్రజల దగ్గరికి వెళ్దాం. వాళ్ల చలి బట్ట కారిబూ చర్మం. కారిబూ అంటే అక్కడి దుప్పి లాంటి జంతువు. దాని వెంట్రుకల్లో గాలి నిండి ఉంటుంది కాబట్టి చలి లోపలికి రాదు. రెండు పొరలు వేసుకుంటారు: లోపలి దానికి బొచ్చు ఒంటివైపు, పైదానికి బొచ్చు బయటివైపు. కొంచెం కూడా చప్పుడు ఉండదు. సీల్ ఊపిరి పీల్చుకోవడానికి మంచులో చేసుకున్న కన్నం దగ్గర వేటగాడు గంటల తరబడి కదలకుండా నిలబడాలి. కాలి కింద కూడా బొచ్చు ముక్క పరుచుకుంటాడు, పాదం చప్పుడు మంచు కిందకి వినపడకుండా. సీల్ దొరక్కపోతే ఇంట్లో పిల్లలకి తిండి లేదు, దీపానికి నూనె లేదు. వాళ్లకి చప్పుడు అంటే ఆకలి.

కానీ కారిబూ చర్మం తడిస్తే పాడైపోతుంది. అందుకే తడి కోసం ఆర్కిటిక్ తీరాల్లో సీల్ పేగులతో వేరే కోటు కుట్టుకునేవాళ్లు. చుక్క నీరు దిగదు, బరువు కూడా లేదు. ఒక్కటే ఇబ్బంది, ఎండితే కాగితంలా గరగరలాడుతుంది. చూశారా? వేల ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా నిశ్శబ్దానికి ఒక కోటు, నీళ్లకి ఒక కోటు పెట్టుకున్నారు. రెండూ ఒకే కోటులో కుదరలేదు.

ఇక యూరప్‌లో ఆల్ప్స్ కొండలు. అక్కడి వేటగాళ్ల బట్ట పేరు లోడెన్. ఉన్నితో కావాల్సినదానికన్నా వెడల్పుగా నేసి, వేడినీళ్లలో దంచి దంచి కుదిస్తారు. ఉన్ని పోగుల మీద సన్నటి పొలుసులు ఉంటాయి, అవి ఒకదాన్నొకటి పట్టుకుని బట్ట దట్టంగా అతుక్కుపోతుంది. చిన్న వాన దాని మీద నుంచి జారిపోతుంది. రాసుకుంటే చప్పుడు రాదు. ఇది చదువుతుంటే నాకు గుర్తొచ్చింది మన గొంగడి. దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెట్టి తయారుచేస్తారు. తెలంగాణ గొర్రెల కాపరికి వానలో గొడుగు అదే, రాత్రి దుప్పటీ అదే. ఆల్ప్స్ వాళ్లకీ మనవాళ్లకీ పరిచయం లేదు. ఇద్దరికీ దారి చూపించింది గొర్రె.

లోడెన్‌కీ లోటుంది. గంటల కొద్దీ పెద్ద వాన కురిస్తే నానుతుంది, మోయలేనంత బరువవుతుంది, తొందరగా ఆరదు.

1823లో ఫ్యాక్టరీ వచ్చి చేరింది. గ్లాస్గోలో చార్లెస్ మాకింటాష్ అని కెమిస్ట్. బొగ్గు నుంచి గ్యాస్ తీసే కర్మాగారాల్లో తారు మిగిలిపోయేది. దాన్నుంచి తీసిన నాఫ్తాలో రబ్బరు కరుగుతుందని గమనించి, రెండు బట్టల మధ్య ఆ రబ్బరు పూసి అతికించాడు. పేటెంటు తీసుకున్నాడు. నీళ్లు పూర్తిగా ఆగాయి. కానీ ఎండాకాలం జిగటగా అంటుకునేది, చలికాలం చెక్కలా గట్టిపడేది, వాసనొకటి. 1840లలో రబ్బరుకి గంధకం కలిపి వేడిచేసే పద్ధతి వచ్చాక జిగట తగ్గింది. అయినా ఇంకో సమస్య అలాగే ఉంది: బయటి నీళ్లు లోపలికి రావు సరే, లోపలి చెమట కూడా బయటికి పోదు. చలిలో నడిచి చెమట పట్టి, తర్వాత కదలకుండా కూర్చుంటే ఆ తడే మనిషిని గడ్డకట్టిస్తుంది. వానలో తడవని మనిషి సొంత చెమటలో తడిశాడన్నమాట.

1879లో ఇంగ్లండ్‌లో థామస్ బర్బెరీ ఇంకో దారి పట్టాడు. నేసిన బట్టకి పూత పూయడం మానేసి, నేయకముందే నూలుకి నీళ్లు పట్టని గుణం ఇచ్చి, తర్వాత చాలా దగ్గరగా నేశాడు. దాని పేరు గబర్డీన్. మెత్తన, గాలి ఆడుతుంది. 1924లో జార్జ్ మాలరీ ఎవరెస్ట్ ఎక్కడానికి వెళ్లింది గబర్డీన్ బట్టల్లోనే. ఆయన తిరిగి రాలేదు, 1999లో దేహం దొరికింది. ఇంకోవైపు 1894లో మొదలైన బార్బర్ కంపెనీ పేరు మైనం పట్టించిన నూలు కోట్లతో నిలిచిపోయింది. అవి వానకి గట్టివే కానీ చలిలో మైనం బిగుసుకుపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. 1930ల చివర, యుద్ధం వచ్చేలా ఉంది. బ్రిటన్‌లో నిప్పు ఆర్పే గొట్టాలు, బకెట్లు అవిసె నారతో చేసేవారు. నార కొరత వస్తుందని భయం. మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్‌కి నూలుతో చేయమని పని అప్పగించారు. వాళ్లు చాలా పొడవు పోగులున్న మేలురకం పత్తి తీసుకుని, ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా నేశారు. పొడిగా ఉన్నప్పుడు గాలి ఆడుతుంది. తడవగానే పత్తి పోగులు ఉబ్బి సందులన్నీ మూసుకుపోతాయి. పూత లేదు, రబ్బరు లేదు, బట్టే తలుపు వేసుకుంటుంది.

తర్వాత యుద్ధంలో రష్యాకి సరుకు తీసుకెళ్లే ఓడలు ఆర్కిటిక్ సముద్రంలో దాడులకి గురవుతున్నాయి. కొన్ని సరుకు ఓడల మీద నుంచి హరికేన్ విమానాన్ని ఉండేలుబద్ద నుంచి రాయి వదిలినట్టు పైకి విసిరేవాళ్లు. తిరిగి దిగడానికి ఓడ మీద చోటు లేదు. దగ్గర్లో నేల లేకపోతే పైలట్ సముద్రంలోకే దూకాలి. ఆ నీళ్లలో ప్రాణం నిమిషాల లెక్క. రబ్బరు సూట్ వేసుకుంటే కాక్‌పిట్‌లో ఉడికిపోతాడు, వేసుకోకపోతే నీళ్లలో చచ్చిపోతాడు. ఆ పైలట్ల సూట్లకి ఈ బట్ట పనికొచ్చింది. దాని పేరు వెంటైల్. పొడిగా ఉంటే ఊపిరి ఆడుతుంది, నీళ్లలో పడితే మూసుకుంటుంది. పడవ వచ్చేదాకా బతికుండే అవకాశం పెరిగింది.

యుద్ధం అయ్యాక పక్షుల్ని చూసేవాళ్లు, అడవి ఫొటోగ్రాఫర్లు, వేటగాళ్లు దీన్ని పట్టుకున్నారు. ఎందుకంటే ఇది నూలు, చప్పుడు చేయదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు క్లయింట్ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో "నీళ్లు ఆగాలి" లాంటివే రాసేవాడు, "చప్పుడు కాకూడదు" లాంటివి రాసేవాడు కాదు. వెంటైల్ విషయంలోనూ నిశ్శబ్దం ఎవరూ అడగలేదు, ఉచితంగా వచ్చింది. అయితే పూర్తిగా తడిస్తే ఇది కూడా అట్టలా బిగుసుకుంటుంది, ఆరడానికి టైమ్ పడుతుంది, రేటూ ఎక్కువ.

1969 అక్టోబర్‌లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్ కడ్డీల్ని వేడిచేసి మెల్లగా సాగదీస్తున్నాడు. ప్రతిసారీ తెగిపోతోంది. విసుగొచ్చి ఒక్కసారిగా లాగాడు. తెగలేదు, దాదాపు 800 శాతం సాగింది! దాని నిండా కంటికి కనపడని రంధ్రాలు. నీటి చుక్క దూరలేదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. అదే గోర్‌టెక్స్. మాకింటాష్ వదిలేసిన చెమట సమస్యకి దాదాపు 150 ఏళ్ల తర్వాత జవాబు దొరికింది. కానీ ఆ పొర చాలా పల్చన, ఒంటరిగా బతకలేదు. దాన్ని గట్టి నైలాన్‌కి అతికించాల్సి వచ్చింది. మళ్లీ చర్‌ర్‌ర్!

దీనికి కంపెనీలు కనిపెట్టిన మందు, పైన నైలాన్ బదులు ఫ్లీస్ లాంటి నూగు బట్ట పెట్టి, పొరని మధ్యలో దాచడం. ఇప్పుడొచ్చే మంచి వేట జాకెట్లలో చాలా వరకు ఇదే పద్ధతి. కాకపోతే పైన నూగు నీళ్లు పట్టేస్తుంది. మీరు పొడిగానే ఉంటారు, జాకెట్ మాత్రం బరువెక్కుతుంది, గడ్డకట్టే చలిలో పైన మంచు కడుతుంది. పైగా టెఫ్లాన్ కుటుంబం రసాయనాలు నేలలో, నీళ్లలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయని తెలిశాక, 2022 నుంచి గోర్ కంపెనీ కూడా పాలిథిలీన్‌తో చేసిన కొత్త పొరలు తెస్తోంది. ఒక సమస్య తీరిస్తే ఇంకోటి తలెత్తుతోంది.

మరి మనవాడికి నేనేం చెప్పాను? "ముందు వాతావరణం చూడు. పొడి మంచు కురిసే చలైతే మందపాటి ఉన్ని చాలు, మంచుని దులుపుకుంటే పోతుంది. సున్నా డిగ్రీల దగ్గర వానా మంచూ కలిసి పడితే నూగు బట్ట కింద పొర ఉన్నది తీసుకో. రోజంతా జోరువాన అయితే చప్పుడు కొంచెం భరించి గట్టి రెయిన్ జాకెట్ వేసుకో, ఆ వానలో నీ చప్పుడు ఎవరికీ వినపడదు. ఏది కొన్నా చేతులు రెండూ ఒకదానికొకటి రుద్ది, జిప్పు లాగి, మోచేయి మడిచి విను. వీలైతే షాపు బయట చలిలో విను, లోపల వెచ్చదనంలో అన్నీ మెత్తగానే ఉంటాయి."

వాడు ఉన్ని కోటు కొన్నాడు. తెల్లవారకముందే వెళ్లి నాలుగు గంటలు కూర్చున్నారు. జింక రాలేదు. కానీ ఒక ఉడుత వచ్చి వాడి బూటు మీద నుంచి నడుచుకుంటూ వెళ్లిపోయిందట, అక్కడ మనిషి ఉన్నట్టే తెలియకుండా. "జింక కన్నా అదే బాగుందిరా" అన్నాడు.

మీ ఇంట్లో తాతల నాటి గొంగడి ఉంటే ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని రుద్ది చూడండి. ఏం వినపడిందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.