అంగన్‌వాడీ ఆదివాసీల వాకిట్లో పెరిగిన బడి

అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు, బాలామృతం అనే అనుకునేవాళ్లం మేమూ. ఆ మాట వెనక ఇంత చరిత్ర ఉందని డిగ్రీలో చేరేదాకా మాకు తెలీదు.

మరాఠీలో అంగణ్ అంటే వాకిలి. మహారాష్ట్రలో బోర్డీ అనే ఊళ్లో 1945లో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ పిల్లల బడి పెట్టారు. పేదవాడల పిల్లలు ఆ బడికి రాలేదు. అయితే మనమే వాళ్ల వాకిట్లోకి పోదామని బడినే వాడకు మోసుకెళ్లారు. అదే అంగన్‌వాడీ. 1957లో ఈ పని దగ్గర్లోని కోస్‌బాడ్ కొండకు మారింది. అక్కడ ఉండేది వార్లీ ఆదివాసీలు. మనలాంటోళ్లే.

తారాబాయి అంతకుముందు గుజరాత్‌లో గిజుభాయి బధేకా దగ్గర పనిచేశారు. వాళ్లు నమ్మింది మాంటిసోరి పద్ధతి. ఆ పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరం మీద బిడ్డ వేలు తిప్పుతుంది, తిప్పుతూ ఆ ధ్వని పలుకుతుంది. ముందు చెవి, వేలు. పెన్సిలు తర్వాత. కానీ ఆ సామాను ఖరీదు ఎక్కువ. కోస్‌బాడ్‌లో దాని బదులు గింజలు, ఆకులు, గులకరాళ్లు, గవ్వలు వాడారు. పశువులు కాసే పిల్లల కోసమైతే మేత బీట్లోనే బడి నడిపారు. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైనప్పుడు ప్రభుత్వం అంగన్‌వాడీ అన్న ఈ పేరునే తీసుకుంది. పేరైతే వచ్చింది. గింజలూ ఆకులూ మా గూడెం దాకా రాలేదు.

మేము సవరలం. మాలో చాలామంది మొదట విన్న బడి మాట 'అ అమ్మ'. ఇంట్లో మేము అమ్మని అలా పిలవం. టీచర్ అడిగింది అర్థంకాక నోరు మూసుకుని కూర్చుంటే 'ఈ పిల్లోడు మొద్దు' అన్నారు. ఇంకా పెద్ద గొడవ ధ్వనులతో. ఖ, ఘ, ఛ లాంటి ఒత్తు ధ్వనులు సవరలో లేవు. మరి సవరలో ఉన్నదానికేమో తెలుగులో అక్షరం లేదు. నీళ్లని మేము 'డా-ఆ' అంటాం. ఆ మధ్యలో గొంతు టక్కున ఆగాలి, ఆగకపోతే అది మా మాట కాదు.

ఈ తేడాని శ్రద్ధగా విన్నాయన గిడుగు రామమూర్తి పంతులుగారు. అందరూ ఆయన్ని వ్యావహారిక భాష కోసమే తలుచుకుంటారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ఆయన సవర నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. ఆ రోజుల్లోనే, 1936లో, ఒడిశా వైపు మంగయ్ గొమాంగో సవరకు సొంత లిపి తయారుచేశారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు మా పిల్లలకు బడిలో తెలుగే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాషతో మొదలుపెట్టే బహుభాషా విద్య వచ్చింది. సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా మొత్తం 8 భాషలు, తెలుగు లిపిలో పుస్తకాలు. చాలా మంచి పని. అయితే అది ఒకటో తరగతితో మొదలైంది. మూడేళ్ల బిడ్డ అప్పటికే అంగన్‌వాడీలో రెండేళ్లు మౌనంగా కూర్చుని వస్తుంది కదా!

మొన్న వేసవి సెలవుల్లో మేము నలుగురం గూడెంలో సాయంత్రాలు చిన్న పిల్లల్ని కూర్చోబెట్టి చింతపిక్కల ఆట ఆడించాం. పలక లేదు, పుస్తకం లేదు. ఒక సవర మాట చెప్తాం. అందులో ఎన్ని ధ్వనులు వినిపిస్తే అన్ని పిక్కలు ముందుకు జరపాలి. మొదట్రోజు అల్లరే, సగం పిక్కలు పోయాయి. నాలుగో రోజుకి వాళ్లే మాటలు ఎంచుకుని మమ్మల్ని ఓడించడం మొదలెట్టారు.

'డా-ఆ' అన్నప్పుడు మేము, చదువుకున్నోళ్లం, మూడు పిక్కలు పెట్టాం. డకారం, రెండు అచ్చులు. ఐదేళ్ల పాప నాలుగోది తెచ్చి మధ్యలో పెట్టింది. 'ఇదేంటమ్మా?' అంటే తన గొంతు మీద వేలు పెట్టి చూపించింది. బడికి పోయి పోయి మేము వినడం మానేసిన ధ్వని అది.

వచ్చే సెలవులకి ఈ ఆట ఇంకో మూడు గూడేల్లో ఆడించాలని అనుకుంటున్నాం. కోయ, కువి, గోండి అన్నలూ అక్కలూ, మీ భాషలో తెలుగు అక్షరానికి దొరకని ధ్వని ఏది? మీ చిన్నప్పుడు గింజలతో, రాళ్లతో ఏం ఆటలాడేవాళ్లు? కింద రాయండి. రాయడం కుదరకపోతే మీ అవ్వ చేత పలికించి వాయిస్ పెట్టండి.