మా నాయన ట్రంకుపెట్టె

మా నాయన ట్రంకుపెట్టె మీద తెల్లరంగుతో నంబరు, ర్యాంకు, పేరు రాసుంటాయి. కులం ఉండదు. పదిహేడేళ్ళ సర్వీసు అయ్యాక 1996లో ఆ పెట్టెతోనే మాలపల్లెలో దిగాడు.

"మిలట్రీకి ఎందుకెళ్ళావు నాయనా?" అంటే "అన్నం కోసం" అనేవాడు. "అక్కడ మెస్సులో అందరికీ ఒకే గిన్నెలోంచి వడ్డిత్తారు. మనూరి హోటల్లో నాకు వేరే గ్లాసు."

సైన్యం మనకి కొత్త కాదు. అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సక్పాల్ బ్రిటిష్ సైన్యంలో సుబేదారు. 1891లో బాబాసాహెబ్ పుట్టింది మౌ కంటోన్మెంటులోనే. ఆ తర్వాత కొద్దికాలానికే, మీరు యుద్ధానికి పనికొచ్చే జాతి కాదని మహర్ల భర్తీ ఆపేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పిలిచారు, అది తీరాక పంపేశారు. మళ్ళీ 1941లో మహర్ రెజిమెంటు పెట్టారు. అవసరానికి రమ్మనడం, తీరాక పొమ్మనడం మనకి తెలిసిన సంగతే.

మా నాయన 1979లో బెంగుళూరు మద్రాస్ సాపర్స్‌లో చేరాడు. వంతెనలు వెయ్యడం, మందుపాతరలు తియ్యడం పని. తోటివాళ్ళలో తమిళులు ఎక్కువ. వాళ్ళతో ఉండి అరవం నేర్చుకున్నాడు. 1987 అక్టోబరులో ఆ అరవంతోనే శాంతి పరిరక్షక దళంలో జాఫ్నా వెళ్ళాడు. నేను 1988లో పుట్టాను. కొడుకు పుట్టాడని 56 ఏపీఓ చిరునామాకి అమ్మ ఎవరిచేతో ఇన్లాండు రాయించింది. 1990 మార్చికి దళం వెనక్కొచ్చింది. దాదాపు 1,200 మంది రాలేదు. నాయన వచ్చాడు గానీ అక్కడి ముచ్చట ఒక్కటీ చెప్పలేదు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అప్పుడు నాయన సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. పల్లెలో ఎవరూ నిద్రపోలేదట. "మీ నాయన గడ్డపార ఒళ్ళో పెట్టుకుని తెల్లార్లూ గుమ్మంలో కూకున్నాడు" అని అమ్మ చెప్పేది. దేశానికి కాపలా కాయడానికి తుపాకి ఇచ్చారు. పెళ్ళాం పిల్లల్ని కాసుకోవడానికి గడ్డపారే దిక్కయింది. 2007లో కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ వార్త చదివిన రోజు నాయన అన్నం ముట్టలేదు.

2019లో కిడ్నీలు పోయాయి. షుగరూ బీపీ ఎప్పట్నించో ఉన్నాయి, ఆయన పట్టించుకోలేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్, ప్రతిసారీ నాలుగ్గంటలు. 2003లో మాజీ సైనికుల కోసం వచ్చిన ఈసీహెచ్‌ఎస్ కార్డు లేకపోతే నా జీతం ఏమూలకీ చాలేది కాదు. ఆసుపత్రిలో పక్క మంచమాయన మిలట్రీ అని తెలిసి మొదటిరోజు చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. రెండోరోజు ఇంటిపేరు అడిగాడు. మూడోరోజు "ఊళ్ళో ఎటువైపు ఇల్లు?" అన్నాడు. నాలుగోరోజు నుంచి అటు తిరిగి పడుకున్నాడు.

నాయన నవ్వాడు. "అబ్బాయ్, నా నెత్తురూ ఆయన నెత్తురూ ఒకే రకం మిషన్లో కడుగుతున్నారుగా" అన్నాడు. ఆరోజే మొదటిసారి జాఫ్నా మాట ఎత్తాడు.

"ఇళ్ళు సోదా చేసేవోళ్ళం. ఆడోళ్ళు కాళ్ళ మీద పడి ఏడ్చేవోళ్ళు. ఉత్తరాదోళ్ళకి ఆ మాటలు అర్థమయ్యేయి కాదు. నాకు అర్థమయ్యేయి. చుండూరప్పుడు మీ అమ్మ ఏడుపు వింటే ఆళ్ళే గుర్తొచ్చారు. ఎవరితో చెప్పను?"

నేనేమీ అనలేకపోయాను. ఆయన ఎడంచేతి మీద ఫిస్టులా దడదడా కొట్టుకుంటోంది.

2022లో నాయన పోయాడు. పెట్టె తెరిస్తే డిశ్చార్జి పుస్తకం, అమ్మ రాయించిన ఇన్లాండ్లు, అడుగున అంబేద్కర్ ఫొటో ఉన్నాయి.

నేను బడిలో సోషల్ చెప్తాను. యుద్ధాల పాఠంలో రాజుల పేర్లుంటాయి, వంతెన వేసినోళ్ళ పేర్లుండవు. మొన్న ఆ పాఠం రోజున బోర్డు మీద మా నాయన పేరు రాశాను.

"ఈయన ఏ రాజు సార్?" అన్నాడో పిల్లాడు.

"రాజు కాదురా, మందుపాతరలు తీసినాయన" అన్నాను. రాసుకోండి అని చెప్పాను.