విశాఖకు, భీమిలికి మధ్య పది దినములు: లీపు సంవత్సరపు లెక్క, సంఘ చరిత్ర

బుచ్చయ్యపేట, చోడవరం ప్రాంతపు సంఘాలలో కాపరులకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. క్రిస్మస్ ప్రతి ఏటా డిసెంబరు 25ననే వస్తుండగా, ఈస్టరు ఒక ఏడు మార్చిలోను మరొక ఏడు ఏప్రిల్‌లోను ఎందుకు వస్తుంది? దీనికి జవాబు చెప్పాలంటే లీపు సంవత్సరపు లెక్క తెలియాలి. ఆ లెక్క వెనుక సంఘ చరిత్ర ఉన్నది. మన విశాఖ తీరపు చరిత్ర కూడ ఉన్నది.

భూమి సూర్యుని చుట్టి వచ్చుటకు పట్టే కాలము 365 దినముల 5 గంటల 48 నిమిషముల 46 సెకనులు. జూలియస్ సీజరు క్రీ.పూ. 46లో అలెగ్జాండ్రియాకు చెందిన సోసిజెనిస్ సలహాపై దీనిని 365 దినముల 6 గంటలుగా తీసుకొని, నాలుగేండ్లకు ఒక దినము చేర్చే పద్ధతి పెట్టాడు. హెచ్చుగా లెక్కించినది ఏటికి 11 నిమిషములే. కాని 128 ఏండ్లకు అది ఒక దినమవుతుంది.

ఈ చిన్న తేడా సంఘమును తాకినది ఈస్టరు విషయములోనే. క్రీ.శ. 325లో నైసియా సభ, క్రైస్తవులందరు ఒకే ఆదివారమున ఈస్టరు ఆచరించవలెనని నిర్ణయించినది. తరువాత స్థిరపడిన నియమము ప్రకారము మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారము ఈస్టరు. మార్చి 21 అనగా పగలు రేయి సమానమయ్యే దినమని వారి లెక్క. 16వ శతాబ్దము నాటికి ఆ దినము మార్చి 11కు జరిగిపోయినది. పండుగ దాని ఋతువునుండి తొలగిపోవుచున్నది.

1582లో 13వ గ్రెగొరీ పోపు దీనిని సరిదిద్దాడు. లిలియస్ అను వైద్యుడు చేసిన ప్రతిపాదనను క్లావియస్ అను గణిత పండితుడు సమర్థించాడు. ఆ ఏడు అక్టోబరు 4 మరునాడు అక్టోబరు 15 అయినది. ఇకమీదట 4తో భాగింపబడే సంవత్సరము లీపు. అయితే శతాబ్ది సంవత్సరము 400తో భాగింపబడితేనే లీపు. అందుచేత 1600, 2000 లీపు సంవత్సరములు. 1700, 1800, 1900 కావు. 2100 కూడ కాబోదు. 400 ఏండ్లలో 97 లీపు దినములే వస్తాయి.

ఇక మన తీరమునకు వద్దాము. 17వ శతాబ్దము చివర విశాఖపట్నములో 1682లో స్థాపించిన ఆంగ్లేయుల వర్తక స్థావరము, సుమారు 25 కిలోమీటర్ల దూరములో భీమునిపట్నమున డచ్చివారి స్థావరము ఉండేవి. ఇద్దరూ ప్రొటెస్టంటులే. అయితే హాలండు 1583 నాటికే కొత్త క్యాలెండరు స్వీకరించినది. ఇంగ్లాండు పోపు చెప్పినదని నిరాకరించినది. కాబట్టి భీమిలిలో డచ్చివారు డిసెంబరు 25 అని వ్రాసిన దినమున విశాఖలో ఆంగ్లేయులు డిసెంబరు 15 అని వ్రాసేవారు. 1700లో తేడా 11 దినములైనది. ఆంగ్లేయులు ఆ ఏడును లీపుగా లెక్కించి ఫిబ్రవరి 29 వ్రాసుకొన్న దినమున డచ్చివారికి అది మార్చి 11.

దీనికి తోడు ఇంగ్లాండులో చట్టరీత్యా సంవత్సరము మార్చి 25న మొదలయ్యేది. విశాఖ పాత కాగితములలో 1699 ఫిబ్రవరి అని కనబడితే అది మన లెక్కకు 1700 కావచ్చును. 1752లో సెప్టెంబరు 2 మరునాటిని సెప్టెంబరు 14గా ప్రకటించి ఇంగ్లాండు దారికి వచ్చినది. ఆ చట్టము ఆసియాలోని దాని ప్రాంతములకు కూడ వర్తించినది. 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అను మిషనరీలు విశాఖలో దిగేనాటికి ఈ చిక్కు లేదు. అంతకు ముందటి కాగితములు చదివే మన విద్యార్థులు మాత్రము తేదీ ఎవరిదో చూడకుండ సంఘటనలను వరుస పెట్టరాదు.

మన పొరుగువారి పంచాంగము ఇదే సమస్యను మరొక విధముగా తీర్చినది. పన్నెండు చాంద్రమాసములు సుమారు 354 దినములే. కాబట్టి సూర్యుడు కొత్త రాశిలో ప్రవేశించని మాసమును అధికమాసముగా లెక్కిస్తారు. 2023లో వచ్చిన అధిక శ్రావణము అటువంటిది. 19 ఏండ్లకు ఏడు అధికమాసములు వస్తాయి. యూదుల క్యాలెండరులోను 19 ఏండ్లకు ఏడుసార్లు అదారు మాసము రెండుగా వస్తుంది. ఈస్టరు పున్నమిని గుణించుటకు సంఘము వాడినదీ 19 ఏండ్ల చక్రమే. పొరుగింటి పంచాంగమును, మన ఈస్టరును నడిపించే చంద్రుడు ఒక్కడే.

ఈనాటికీ పాత లెక్కను అనుసరించే ఆర్థొడాక్స్ సంఘములు అనేకమున్నవి. 2024లో మన ఈస్టరు మార్చి 31, వారిది మే 5. 2025లో ఇద్దరికీ ఏప్రిల్ 20. తేదీ వేరైనంతమాత్రాన పునరుత్థానము వేరు కాదు.

సవరణ తెచ్చినవాడు తమ పక్షము కాడని ఒక దేశము 170 ఏండ్లు తప్పుడు తేదీతో జీవించినది. ఆ కాలమంతటిలో సూర్యుడు మాత్రము ఎవరి పక్షమూ వహించలేదు. ఎదుటి సంఘమువారు సరియైన మాట చెప్పినప్పుడు, అది ఎవరి నోట వచ్చినదని గాక, నిజమా కాదా అని అడుగుట మన సంఘములు నేర్చుకొనవలసియున్నది.