నమూనా చక్రముల సాక్ష్యము

చిన్న నమూనా చెప్పిన మాట పెద్ద యంత్రము విషయమున నెంతవరకు చెల్లును? ఈ ప్రశ్న తిరుగలి మరల యొద్దను పుట్టినది.

1704లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఆంత్వాన్ పారాఁ యొక లెక్క వేసెను. ప్రవాహవేగములో మూడవవంతు వేగముతో తిరుగునపుడే నీటిచక్రమువలన లాభ మధికమనియు, అప్పుడైనను నీటిశక్తిలో 27 పాళ్లకు 4 పాళ్లే దక్కుననియు నాతని సిద్ధాంతము. అర్ధశతాబ్దము దానిని వల్లించినవారే యెక్కువ, త్రిప్పి చూచినవా రరుదు. గ్రంథవాక్యమును నమ్ముటలో మనకును తక్కువ పేరు లేదు గదా!

ఇంగ్లాండులో జాన్ స్మీటన్ 1752, 1753 సంవత్సరములలో త్రిప్పి చూచెను. రెండడుగుల వ్యాసముగల చక్రము, నీటితొట్టి, తొట్టిలో మట్టము తగ్గకుండ నీరు తోడు చేతిపంపు, ఇరుసునకు చుట్టిన త్రాటితో పైకి లేచు బరువు: ఇంతే సామగ్రి. నీరు క్రింద తాకు చక్రమునకు మూడవవంతునకు సమీపముగాను, పైనుండి పడు చక్రమునకు మూడింట రెండు వంతులును శక్తి దక్కెను. పారాఁ లెక్క వీగిపోయెను. అయినను స్మీటన్ వెంటనే ప్రకటింపలేదు. పెద్ద మరలు కట్టించి సరిచూచుకొని, 1759లో రాయల్ సొసైటీకి నివేదించెను. నా దృష్టిలో ఆ యంకెలకంటె ఆ యారేండ్ల మౌనమే గొప్పది.

నౌకల విషయమున విలియం ఫ్రూడ్ మరియొక మెట్టెక్కెను. పొడవు పదునారవవంతైన నమూనాను నాల్గవవంతు వేగముతో లాగినచో అలలు సరిపోలునని యాతడు చూపెను. నీటి రాపిడి యీ సూత్రమునకు లొంగదు. కావున పలుచని పలకలను నీటిలో లాగి దానిని వేరుగా గొలిచెను. 1871లో గ్రేహౌండను యుద్ధనౌకనే మరియొక నౌకచే లాగించి నమూనా మాటను పరీక్షించెను.

ఇక ఆటుపోటుల చక్రము. ప్రవాహమున కడ్డముగా ఇరుసుండు చక్రమునకు జార్జి దారియుస్ 1925లో ఫ్రాన్సున పేటెంటు కోరెను. ఇరుసు నిలువుగా నున్నచో, పోటున వచ్చు నీటికిని పాటున మరలు నీటికిని అది ఒక్కదిక్కుననే తిరుగును. చిక్కంతయు రెక్కలయందే. నీటికి ఎదురైన అర్ధచుట్టులో నీరు రెక్కను లోనికి నెట్టును. తక్కిన సగములో వెలుపలికి లాగును. నిముసమునకు పదితడవలు ఎడతెగక తిరిగినచో ఏడాదికి 52 లక్షల తడవలకు పైగా లోహ మిట్లు వంగి వంగి నలుగును. ఇరుసువద్ద గొలిచిన మొత్తము శక్తి యీ నలుగుడును చెప్పదు. 1938లో అమెరికాలో కనుగొన్న స్ట్రెయిన్ గేజి, అనగా సాగినకొలది విద్యున్నిరోధము మారు సన్నని తీగ, రెక్కను మోయు చేతికి అంటించిన తరువాతనే ఆ బలము లెక్కకు వచ్చెను.

అయినను నమూనా కిద్దరు యజమానులు. ఆస్బరన్ రేనాల్డ్స్ 1883లో చూపిన నియమము ప్రకారము, పదవవంతు నమూనాను అదే నీటిలో పదిరెట్లు వేగముగా నడపవలెను. ఫ్రూడ్ సూత్రము వేగము తగ్గింపుమనును. ఒకేమారు రెండును పొసగవు. వేగము చాలని చిన్న రెక్కపై నీరు ముందుగానే విడివడిపోవును; దాని మాట నమ్మి కట్టినచో పెద్ద రెక్కపై పడు బలమును తక్కువగా నెంచినవార మగుదుము.

దీనికి సులువైన మందు లేదు. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయమువారు మీటరు వ్యాసముగల మూడురెక్కల చక్రమును తొట్టిలో లాగుచు వేగము పెంచి చూచి, 2016లో ఫలితములు ప్రకటించిరి. రెక్కవద్ద రేనాల్డ్స్ సంఖ్య సుమారు రెండు లక్షలు చేరినపిమ్మట శక్తిగుణకము మారుట దాదాపు నిలిచెను. అయితే అచ్చట గొలిచినవి చక్రము శక్తియు, దానిపై నీటి మొత్తపు తోపుడును. ఒక్కొక్క రెక్కపై పడు బలము గాదు.