పరాయి గడ్డ మీద డ్రైవింగ్ లైసెన్సు: కొంత చరిత్ర, కొంత అనుభవం

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేసి, "నీ అమెరికా అనుభవాలు రాయి" అన్నారు. మంచు గురించి, డాలర్ల గురించి, చలికాలంలో పెరుగు తోడుకోకపోవడం గురించి మనవాళ్లు ఇప్పటికే చాలా రాశారు. నేను జేబులో పట్టే ఒక కార్డు గురించి రాస్తాను. పరాయి దేశంలో మనం ఉన్నామా లేమా అన్నది పాస్‌పోర్టు కంటే ఎక్కువసార్లు రుజువు చేసేది అదే. మన సోషల్ మాస్టారు ఏ పాఠమైనా సంవత్సరాలతోనే మొదలుపెట్టేవారు కనుక నేనూ అలాగే మొదలుపెడతాను.

కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్‌కే మొదట అనుమతి కాగితం కావలసి వచ్చింది. ఆయన బండి చప్పుడు, పొగ భరించలేక జనం గొడవ చేస్తుంటే 1888లో జర్మనీలోని బాడెన్ ప్రభుత్వం దగ్గర ఆయన రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాడు. బ్రిటన్‌లో 1903 చట్టం వచ్చాక, 1904 జనవరి 1 నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. ఐదు షిల్లింగులు కడితే చాలు, పరీక్ష లేదు! ఆ దేశంలో కొత్తవాళ్లకి పరీక్ష తప్పనిసరి చేసింది 1935లో. అమెరికాలో మసాచుసెట్స్, మిస్సోరీ రాష్ట్రాలు 1903లోనే లైసెన్సు పెట్టాయి. దక్షిణ డకోటా మాత్రం 1954 దాకా లైసెన్సు ఊసే ఎత్తలేదు. మన దేశమంతటికీ వర్తించే మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. తర్వాత 1939 చట్టం, ఇప్పుడు నడుస్తున్నది 1988 చట్టం.

బండి సరిహద్దు దాటడం మొదలుపెట్టగానే కొత్త చిక్కు వచ్చింది. ఒక దేశం ఇచ్చిన కాగితాన్ని ఇంకో దేశం పోలీసు ఎందుకు నమ్మాలి? దీనికోసం 1909లో పారిస్‌లో ఒక ఒప్పందం, 1926లో మళ్లీ పారిస్‌లోనే ఇంకోటి, 1949లో జెనీవాలో మరొకటి కుదిరాయి. జెనీవా ఒప్పందంలో మన దేశం 1962లో చేరింది. మనం "ఇంటర్నేషనల్ లైసెన్సు" అని పిలుచుకునే పుస్తకం వీటి నుంచి పుట్టిందే. నిజానికి అది లైసెన్సు కాదు, మన లైసెన్సుకి పలు భాషల్లో అనువాదం. ఒరిజినల్ పక్కన లేకపోతే దానికి విలువ లేదు, ఏడాది దాటితే అసలే లేదు.

ఈ ఒప్పందాలన్నిట్లో ఒక కీలకం ఉంది. ఇవి చుట్టపుచూపుగా వచ్చినవాడి కోసం రాసుకున్నవి. ఇల్లు అద్దెకి తీసుకుని, ఉద్యోగంలో చేరి, కరెంటు బిల్లు మన పేరు మీదికి వచ్చిన రోజు నుంచి మనం చుట్టం కాదు, నివాసి. నివాసికి స్థానిక లైసెన్సే కావాలి. ఎన్నాళ్లలోగా అన్నది ఒక్కోచోట ఒక్కో లెక్క. కాలిఫోర్నియాలో 10 రోజులు, న్యూయార్క్‌లో 30, టెక్సాస్‌లో 90. బ్రిటన్ మనవాళ్లకి ఏడాది గడువిస్తుంది, జర్మనీ ఆరు నెలలు. ఆ తర్వాత అక్కడి పరీక్ష పాసవ్వాల్సిందే. జపాన్ వాడో, ఆస్ట్రేలియా వాడో బ్రిటన్ వెళితే పాత కార్డు ఇచ్చి కొత్తది పుచ్చుకుంటాడు. ఆ జాబితాలో మన దేశం లేదు.

ఈ మాట వినగానే మనవాళ్లకి పౌరుషం వస్తుంది. మనకేం తక్కువ అంటారు. కోపం తెచ్చుకునే ముందు, ఆ రోజుల్లో మనలో చాలామందికి లైసెన్సు ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోండి. మైదానంలో స్కూటరు మీద ఎనిమిది వేస్తే బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు అటు తిరిగి ఇంకెవరితోనో మాట్లాడుతుండేవారు. కారు లైసెన్సు డ్రైవింగ్ స్కూలు ఆయనే చూసుకునేవాడు. పార్కింగ్ చేయడం అనేది పరీక్షలో అంశమని ఎవరికీ తెలియదు. అవతలి దేశాలకి ఈ సంగతి తెలియదనుకోవడం అమాయకత్వం.

నేను న్యూజెర్సీ చేరింది 1997లో. కంప్యూటర్లకి 2000 సంవత్సరం గండం ఉందని ప్రపంచమంతా కంగారు పడుతున్న కాలం. 1990 చట్టం హెచ్-1బి వీసాలకి ఏడాదికి 65,000 పరిమితి పెడితే, 1999కల్లా దాన్ని 1,15,000కి, 2001 నుంచి మూడేళ్లపాటు 1,95,000కి పెంచారు. హైదరాబాదు అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి విమానం ఎక్కినవాళ్లంతా అక్కడ దిగాక రాయాల్సిన మొదటి పరీక్ష ప్రోగ్రామింగ్‌ది కాదు, డ్రైవింగ్‌ది. న్యూజెర్సీలో 50 ప్రశ్నలకి 40 సరిగ్గా రాయాలి. న్యూయార్క్‌లో 20కి 14. ఎంసెట్ రాసొచ్చిన జాతికి ఇదొక లెక్క కాదు. రాత పరీక్షలో తప్పినవాణ్ణి నేను చూడలేదు.

అసలు సంగతి రోడ్డు మీద. మనకి అలవాటైన ఎడమ అక్కడ కుడి. ఇండికేటరు వేయబోతే వైపరు ఆడుతుంది. అన్నిటికంటే మనవాళ్లని ముంచింది నాలుగు వైపులా స్టాప్ బోర్డులుండే కూడలి. అక్కడ సిగ్నలు ఉండదు, పోలీసు ఉండడు. ఎవరు ముందొచ్చి ఆగితే వాళ్లు ముందు వెళ్లాలి. మన ఊళ్లో పెద్ద బండి ముందు వెళుతుంది, లేదా హారన్ ముందు కొట్టినవాడు వెళతాడు. ఎవరూ లేని ఖాళీ కూడలిలో కూడా చక్రం పూర్తిగా నిలబడాలంటే మనసొప్పదు. మా బ్యాచ్‌లో బందరు–గుడివాడ రోడ్డు మీద లారీ కూడా నడిపిన మిత్రుడొకడు ఈ ఒక్క కారణంగా మూడుసార్లు తప్పాడు. పరీక్షాధికారి అతనితో, "నీకు బండి నడపడం బాగా వచ్చు, ఆపడం రాదు" అన్నాడట. ఆ మాటని అతను ఇప్పటికీ ప్రతి పార్టీలోనూ చెప్పి నవ్విస్తాడు.

అప్పట్లో నాకిచ్చిన లైసెన్సు నాలుగేళ్లకి. నా వీసా ఎప్పటిదాకా ఉందని కౌంటరులో ఎవరూ అడగలేదు. బండి నడపగలడా లేదా అన్నదే వాళ్లకి కావాలి. ఇప్పుడు చెబితే కుర్రాళ్లు నమ్మరు.

2001 సెప్టెంబరు 11 తర్వాత అది మారింది. విమానాలు హైజాక్ చేసిన 19 మందిలో ఒక్కడు తప్ప అందరి దగ్గరా ఏదో ఒక అమెరికన్ గుర్తింపు కార్డు ఉందని, వాటిలో కొన్ని మోసంతో సంపాదించినవని విచారణ కమిషన్ 2004లో తేల్చింది. లైసెన్సులకి దేశమంతటా ఒకే ప్రమాణం ఉండాలని సిఫారసు చేసింది. అలా వచ్చిందే రియల్ ఐడీ చట్టం. అది ఏ దారిన వచ్చిందో మన తీరం వాళ్లు తెలుసుకోవాలి. 2004 డిసెంబరు 26, ఆదివారం, పౌర్ణమి. సునామీ మన మంగినపూడి తీరంలో స్నానాలకు దిగినవాళ్లని లాక్కుపోయిన రోజు. ఆ సునామీ బాధిత దేశాలకి సాయం, ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల ఖర్చు కలిపి అమెరికా ఒక బిల్లు తెచ్చింది. ఎవరూ కాదనలేని ఆ బిల్లుకి లైసెన్సుల చట్టాన్ని తోకలా కట్టారు. సెనేట్‌లో 100కి 100 ఓట్లు పడ్డాయి. 2005 మే 11న అధ్యక్షుడు బుష్ సంతకం చేశాడు. మన ఊరి దుఃఖం పేరు చెప్పుకుని గడప దాటిన చట్టం తిరిగి మన పిల్లల జేబుల్లోకే వచ్చిందన్నమాట. నాకైతే ఇది చరిత్రలో మర్చిపోలేని వింత.

అందులోని ఒక నిబంధన మనలాంటివాళ్ల జీవితాన్ని మార్చింది. తాత్కాలికంగా ఉండేవారి లైసెన్సు వారి బస అనుమతి ఉన్నంత కాలమే చెల్లాలి, అది తాత్కాలికమని కార్డు మీద కనిపించాలి. బస గడువు చెప్పేది ఐ-94 అనే పత్రం. ఒకప్పుడు విమానాశ్రయంలో పాస్‌పోర్టుకి పిన్ను కొట్టి ఇచ్చే చిన్న కాగితం, 2013 నుంచి కంప్యూటరులో నమోదు. పాస్‌పోర్టు ముందే ముగిసిపోయేటట్టుంటే ఐ-94 కూడా ఆ తేదీకే ఆపేస్తారు. దాంతోపాటు లైసెన్సూ అక్కడే ఆగుతుంది. పాస్‌పోర్టు రెన్యువల్‌కి బద్ధకించినవాడికి బండి ఆగిపోవడం వెనుక ఉన్న గొలుసు ఇది.

మన బడిలోనే చదివిన ఒక జూనియర్ కథ చెబుతాను. రాష్ట్రం పేరు అక్కర్లేదు. అతని హెచ్-1బి పొడిగింపు దరఖాస్తు సకాలంలోనే వెళ్లింది. నిర్ణయం రాకపోయినా 240 రోజులు ఉద్యోగం చేసుకోవచ్చని నిబంధన స్పష్టంగా ఉంది. కానీ చేతిలో కొత్త తేదీ లేదు కాబట్టి లైసెన్సు పొడిగించలేమన్నారు. ఆఫీసుకి వెళ్లే హక్కుంది, బండి మీద వెళ్లే హక్కు లేదు! ఆ ఊళ్లో బస్సు లేదు. ఫిబ్రవరి మంచులో మూడు మైళ్లు నడిచేవాడు. భార్యకి ఏడో నెల. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి పక్కింటి మెక్సికో పెద్దావిడ వచ్చేది. ఆమోదం పదకొండు వారాలకి వచ్చింది. ఆ పదకొండు వారాల్లో ఒక్కరోజు కూడా అతను స్టీరింగు ముట్టుకోలేదు. పట్టుబడితే వీసా మీదికి వస్తుందేమోనని భయం. వాడిది అతి భయమని నేననుకోను.

ఆడవాళ్ల సంగతి ఇంకో అధ్యాయం. హెచ్-4 మీద వచ్చిన భార్యలకి పని చేసే హక్కు లేదు. ఒకప్పుడు లైసెన్సు కోసమైనా సోషల్ సెక్యూరిటీ నంబరు ఇచ్చేవారు. 2003లో ఆ పద్ధతి ఎత్తేశారు. తర్వాత వాళ్లు ముందు ఆ ఆఫీసుకి వెళ్లి, "ఈమెకి నంబరు ఇవ్వలేము" అని ఒక ఉత్తరం తెచ్చుకుని, ఆ తిరస్కారాన్నే అర్హతగా లైసెన్సు కౌంటరులో చూపించాల్సి వచ్చింది. ఎమ్మెస్సీ, బీటెక్ చదివిన ఆడపిల్లలు. కాలిబాట కూడా లేని పేటల్లో కొందరికి భర్త సాయంత్రం వచ్చేదాకా పాలప్యాకెట్టు తెచ్చుకునే దారి లేదు.

మా ఆవిడ ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే మాల్ పార్కింగులో నేర్చుకుంది. నేర్పింది నేనే, కాబట్టి ఆ ఆదివారాల మధ్యాహ్నాలు మా ఇంట్లో మాటలుండేవి కావు. ఆమెకి లైసెన్సు వచ్చిన నాలుగో ఏట నుంచి మా అపార్ట్‌మెంట్లలో కొత్తగా వచ్చిన అమ్మాయిలకి నేర్పడం మొదలుపెట్టింది. పదిమందికి పైగానే నేర్పింది. ఉత్తరం కోసం సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి ఆమే దింపేది. "అన్నయ్యగారు నేర్పితే అరుస్తారు, అక్కయ్యా మీరే రండి" అని వాళ్లు నా ఎదుటే అనేవారు. 2015లో హెచ్-4 వాళ్లలో కొందరికి పని అనుమతి వచ్చినప్పుడు ఆ అమ్మాయిల్లో ఇద్దరు వారం తిరక్కుండా ఉద్యోగాల్లో చేరారు. బండి నడపడం అప్పటికే వచ్చు కాబట్టే అది కుదిరింది.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల లెక్క వేరు. కువైట్‌లో మామూలు విదేశీయుడికి లైసెన్సు కావాలంటే డిగ్రీ, నెలకి 600 దినార్ల జీతం, రెండేళ్ల నివాసం అని షరతులు పెట్టారు. అరబ్బు ఇంట్లో డ్రైవరుగా వెళ్లిన కడప, కోనసీమ కుర్రాడికి మాత్రం అదే వృత్తి కాబట్టి మినహాయింపు. ఆ పని మానితే ఆ లైసెన్సూ పోతుంది. సౌదీలో ఆడవాళ్లు బండి నడపడానికి 2018 జూన్ 24 దాకా ఆగాల్సి వచ్చింది. మన దగ్గర్నుంచి వెళ్లిన ఎంతోమంది డ్రైవర్ల ఉద్యోగానికి అన్నాళ్లూ ఆ నిషేధం కూడా ఒక ఆధారమే. దీని మీద చరిత్రకారులు రాయాల్సింది చాలా ఉంది.

ఇక రియల్ ఐడీ 2008లోనే అమలు కావాల్సింది. రాష్ట్రాల అభ్యంతరాలతో, తర్వాత కరోనాతో వాయిదా పడుతూ పడుతూ 2025 మే 7న దేశీయ విమాన ప్రయాణాలకి అమల్లోకి వచ్చింది. ఇరవై ఏళ్లు పట్టింది.

చివరిగా జనవరిలో స్వర్ణోత్సవానికి వస్తున్న విదేశీ మిత్రులకి ఒక విషయం. మనలో చాలామంది ఇప్పుడు అమెరికా పౌరులు. అంటే బందరులో మనమే విదేశీయులం. జేబులో ఉన్న అమెరికా లైసెన్సు ఒక్కటే చూపిస్తే ఇక్కడ కుదరదు. బయల్దేరే ముందు అక్కడి ఆటోమొబైల్ అసోసియేషన్ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి. ఇరవై డాలర్లు, రెండు ఫోటోలు చాలు. పాత ఇండియా లైసెన్సు బీరువాలో ఉంది కదా అనుకునేవాళ్లు దాని తేదీ చూసుకోండి. 2019 సవరణ తర్వాత, గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ పరీక్షకి వెళ్లాల్సిందే. ఇవేవీ కుదరకపోతే బస్టాండు దగ్గర దిగి ఆటో ఎక్కండి, బడి దగ్గర దింపుతాడు. గేటు ముందు మాత్రం కార్లు పెట్టొద్దని కమిటీ వాళ్లు చెప్పమన్నారు. మాస్టార్ల వాహనాలకి ఆ చోటు ఉంచారు.