రెండేళ్ళకోసారి వచ్చే అతిథి

మన మహాసభలు రెండేళ్ళకోసారి. మేముండే సియాటిల్ ప్రాంతపు నదుల్లోకి పింక్ సాల్మన్ చేపలు వచ్చేదీ రెండేళ్ళకోసారే. 2021, 2023, 2025... ఇలా బేసి సంవత్సరాల్లో ఆగస్టు వచ్చేసరికి పసిఫిక్ మహాసముద్రం నుంచి లక్షలకొద్దీ చేపలు ప్యూజెట్ సౌండ్‌లోకి ప్రవేశిస్తాయి. స్కాజిట్, స్నోహోమిష్, పుయాలప్ లాంటి నదుల ముఖద్వారాలు వెతుక్కుంటూ ఒడ్డు వెంబడే సాగుతాయి. నడుములోతు నీళ్ళలో మనుషులు వరసగా నిలబడి గాలాలు విసురుతుంటారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. శాకాహార మిత్రులు మన్నించాలి, ఈ వ్యాసంలో చేపల వాసన కాస్త గట్టిగానే తగులుతుంది.

2009లో మా ఆఫీసులో ఒక స్నేహితుడు నాకు ఫ్లై ఫిషింగ్ నేర్పాడు. ఇందులో వానపాములాంటి ఎర ఉండదు. చిన్న గాలానికి గులాబీరంగు దారం, ఈకలు చుట్టి ఏదో రొయ్యపిల్ల అనిపించేలా తయారుచేస్తారు. దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువుండదు కాబట్టి లావుపాటి తాడునే కొరడాలా గాలిలో ఆడించి విసరాలి. ఆ విసరడం పట్టుబడడానికి నాకు ఒక వేసవంతా పట్టింది.

2011 ఆగస్టులో నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. ఆయన గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. కొడుకు అమెరికాలో చేపలు పడుతున్నాడంటే ఆయనకు నవ్వు, ముచ్చట రెండూను. తెల్లవారుజామున విడ్బీ దీవికి తీసుకెళ్ళి, ఆయన్ని ఒక దుంగ మీద కూర్చోబెట్టి, నేను నీళ్ళలోకి దిగాను. అరగంటలో సుమారు 4 పౌన్ల చేప పడింది. వెండిలా మెరిసిపోతోంది. ఒడ్డుకు లాగి, గులకరాళ్ళ మీద పెట్టి, రెండు చేతులతో ఎత్తి, "నాన్నా, ఫోటో తియ్యండి" అన్నాను. మొదటి ఫోటోలో నా తల రాలేదు. రెండోది కదిలిపోయింది. మూడోది బాగా వచ్చింది. తృప్తిగా చేపను తీసుకెళ్ళి నీళ్ళలో వదిలాను.

అది ఈదలేదు. పక్కకు ఒరిగి, వెల్లకిలా తేలింది.

పక్కన గాలం వేస్తున్న ఒక పెద్దాయన తన రాడ్ చంకలో పెట్టుకుని వచ్చి, చేపను నిటారుగా పట్టుకుని చాలాసేపు నీళ్ళలో నిలబెట్టి చూశాడు. మొప్పలు ఆడలేదు. ఆయన నన్ను తిట్టలేదు. "ఇంటికి తీసుకెళ్ళి వండుకో, కార్డులో రాసుకో" అని చెప్పి తన చోటికి వెళ్ళిపోయాడు.

నాన్నగారు మాత్రం కారెక్కాక అడిగారు: "తినేటట్టయితే పట్టు. లేదంటే దాని మానాన దాన్ని పోనియ్. పట్టి వదలడమేంట్రా, దాన్ని ఏడిపించడం కాకపోతే?"

ఆ రాత్రి చేపల పులుసు రుచిగానే ఉంది. నా దగ్గర జవాబే లేదు. అది వెతుక్కుంటూ పోతే చాలా చరిత్ర చదవాల్సి వచ్చింది. అందులో కొంత మీతో పంచుకుందామని ఈ ప్రయత్నం.

గూని చేప

పసిఫిక్ సాల్మన్లలో ఉత్తర అమెరికాకు వచ్చేవాటిలో అన్నిటికన్నా చిన్నది పింక్. 1792లో వాల్బామ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రీయనామం పెట్టేటప్పుడు "గోర్బుషా" అన్న రష్యన్ మాటనే వాడాడు. గూనిది అని అర్థం. నదిలోకి వచ్చాక మగచేపకు వీపు మీద పెద్ద గూని లేస్తుంది, మూతి వంకర తిరుగుతుంది. అందుకే ఇక్కడివాళ్ళు ముద్దుగా "హంపీ" అంటారు.

దీని జీవితం అచ్చం రెండేళ్ళు. శరత్కాలంలో తల్లి నది అడుగున గులకరాళ్ళలో గుడ్లు పెడుతుంది. వసంతంలో పిల్లలు బయటికి వచ్చి నేరుగా సముద్రానికి పోతాయి. దాదాపు ఏడాదిన్నర అక్కడ పెరిగి, తిరిగి నదికి వచ్చి, గుడ్లు పెట్టి చనిపోతాయి. మిగతా సాల్మన్లలో కొన్ని మూడేళ్ళకు, కొన్ని నాలుగేళ్ళకు, కొన్ని అయిదేళ్ళకు తిరిగొస్తాయి. అందువల్ల ఒక ఏడాది నష్టపోతే మరో ఏడాది పిల్లలు కొంత పూడుస్తాయి. పింక్‌కు ఆ వెసులుబాటు లేదు. బేసి సంవత్సరపు చేపలు, సరి సంవత్సరపు చేపలు దాదాపుగా కలవనే కలవవు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే దీనికి బ్యాకప్ లేదు.

హెల్స్ గేట్ పాఠం

బ్యాకప్ లేకపోతే ఏమవుతుందో 1913లో తేలింది. సరిహద్దుకు ఆవల కెనడాలో ఫ్రేజర్ నది హెల్స్ గేట్ అనే చోట సుమారు 35 మీటర్ల వెడల్పున్న రాతి గొంతులోంచి దూకుతుంది. అక్కడ కెనడియన్ నార్తర్న్ రైల్వే లైను వేస్తూ, పేల్చిన బండరాళ్ళను నదిలోకే తోసేశారు. ఆ ఏడు వచ్చిన చేపలు ఆ వడిని ఎక్కలేక కింద గుంపులుగా ఆగిపోయాయి. 1914 ఫిబ్రవరిలో కొండ విరిగిపడి ఉన్న దారి కూడా మూసుకుపోయింది. ఆ ఒడ్డు ఆదివాసులు చేపలను బుట్టల్లో మోసి అడ్డంకి దాటించడానికి తంటాలు పడ్డారు. ఎన్ని మోయగలరు? 1913 బేసి సంవత్సరం. హెల్స్ గేట్‌కు పైన గుడ్లు పెట్టే పింక్ సాల్మన్ సంతతి ఆ దెబ్బతో తుడిచిపెట్టుకుపోయింది.

అప్పటికే కింద సముద్రంలో మరో దోపిడి నడుస్తోంది. 1877లో సియాటిల్‌కు ఉత్తరాన ముకిల్టియోలో ప్యూజెట్ సౌండ్ మొదటి సాల్మన్ డబ్బాల కర్మాగారం వచ్చింది. తర్వాత తీరమంతా అవే. వలలతో దారికి అడ్డంగా కట్టిన పెద్ద మావులు చేపల్ని నదిదాకా రానిచ్చేవి కావు. వాటిని 1934లో వాషింగ్టన్ ఓటర్లే నిషేధించారు. 1937లో అమెరికా, కెనడాల మధ్య సాల్మన్ ఒప్పందం అమల్లోకి వచ్చింది. 1945, 46లలో హెల్స్ గేట్ దగ్గర కాంక్రీటుతో చేపల దారులు కట్టారు. వడిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి చేప ఆగి ఆగి ఎక్కేలా చేసే ఏర్పాటది. 1957లో పింక్ సాల్మన్‌ను కూడా ఆ ఒప్పందంలో చేర్చారు. మెల్లగా హంపీలు మళ్ళీ పైకి ఎక్కడం మొదలుపెట్టాయి.

ఇది చదువుతుంటే నాకు మన పులస గుర్తొచ్చింది. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు కదా. అదీ సముద్రం నుంచి వరద నీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి వచ్చే చేపే. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మన జిల్లాలకు అన్నం పెట్టింది, అందులో సందేహం లేదు. కానీ 1873 నాటికే ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు వైద్యాధికారి, మన దేశపు మంచినీటి చేపల మీద ఇచ్చిన నివేదికలో ఆనకట్టలు వలస చేపలకు అడ్డుపడే సమస్యను రాశాడు. కాంక్రీటు కట్టే ఇంజనీరుకు చేప గుర్తుకు రావడం ఎక్కడైనా ఆలస్యమే.

వదిలే ఆచారం ఎక్కడిది?

చేపను పట్టి వదలడం నిన్నమొన్నటి అమెరికా ఫ్యాషన్ అని నేననుకునేవాణ్ణి. కాదు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన, గాలం వేటపై తొలి ఇంగ్లీషు గ్రంథమే అతిగా పట్టవద్దని హెచ్చరించింది. గనికార్మికుల భద్రతా దీపం కనిపెట్టిన హంఫ్రీ డేవీ చేపల వేట మీద 1828లో "సాల్మోనియా" అనే పుస్తకం రాశాడు. చేప చేతికి రాగానే తినడానికైతే వెంటనే చంపాలి, లేకపోతే వెంటనే నీళ్ళకు వదలాలి అన్నది అందులో ఒక మాట. మధ్యలో మూడు ఫోటోల ప్రస్తావన లేదు.

అమెరికాలో దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు లీ వుల్ఫ్. ఈయన మనవాడే, అంటే ఇంజనీరింగ్ చదివినవాడు. మంచి చేప ఒక్కసారి పట్టి పారేయడానికి మించిన విలువైనదని ఆయన 1939లో రాశాడు. 1973లో ఎల్లోస్టోన్ నదిలో వదిలేసే పద్ధతి నిబంధనగా వచ్చింది.

అయితే లీ వుల్ఫ్ వాదం ట్రౌట్‌కు, అట్లాంటిక్ సాల్మన్‌కు బాగా వర్తిస్తుంది. అవి మళ్ళీ గాలానికి పడగలవు, మళ్ళీ గుడ్లు పెట్టగలవు. పింక్ సాల్మన్ ఈ సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఎలాగూ చనిపోతుంది. దాన్ని వదిలేది మనం మళ్ళీ పట్టడానికి కాదు, రెండేళ్ళ తర్వాత దాని పిల్లలు రావడానికి.

వదలడమే ధర్మమని గుడ్డిగా అనడానికీ లేదు. రష్యన్లు వైట్ సీ నదుల్లోకి తెచ్చిన పింక్ సాల్మన్ 2017 నుంచి బేసి సంవత్సరాల్లో నార్వే, స్కాట్లండ్ నదుల్లోకి పెద్దఎత్తున వస్తోంది. అక్కడి అట్లాంటిక్ సాల్మన్‌కు ముప్పని, దొరికితే వదలవద్దని అధికారులు చెబుతున్నారు. మా ఊళ్ళో అతిథి అక్కడ చొరబాటుదారు.

సగం వాటా

ఈ కథలో అందరికన్నా ముందునుంచీ ఉన్నవాళ్ళు ఇక్కడి ఆదివాసులు. సేలిష్ తెగల్లో తొలి సాల్మన్ పండుగ ఉంది. ఆ ఏటి మొదటి చేపను అతిథిలా ఆహ్వానించి, అందరూ పంచుకుని తిని, ఎముకలను భక్తిగా నీళ్ళకు అప్పగిస్తారు. వాళ్ళు చేపను ఆట కోసం పట్టి వదలరు. తింటారు. మిగిలినవాటిని పోనిస్తారు.

1854, 55లలో చేసుకున్న ఒప్పందాల్లో వాళ్ళు భూమి వదులుకున్నారు గానీ చేపలు పట్టే హక్కు వదులుకోలేదు. వందేళ్ళు గడిచేసరికి ఆ హక్కు వాడుకుంటేనే నేరమైపోయింది. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను 1945లో, 14 ఏళ్ళ వయసులో మొదటిసారి అరెస్టు చేశారు. తర్వాత 50 సార్లకు పైగా. 1974 ఫిబ్రవరి 12న జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు ఇచ్చాడు: పట్టదగిన చేపల్లో సగం తెగలది. 1979లో సుప్రీంకోర్టు దాన్ని చాలావరకు సమర్థించింది. గాలాలవాళ్ళు చాలామంది అప్పట్లో మండిపడ్డారు. కానీ ఆ తీర్పుతో తెగలు కూడా నదుల నిర్వహణలో భాగస్వాములయ్యాయి. బిల్లీ ఫ్రాంక్ 2014లో కన్నుమూసేదాకా సాల్మన్ తరఫున మాట్లాడుతూనే ఉన్నాడు.

ఒడ్డు మీద మర్యాదలు

ఈ చరిత్ర తెలిశాక ఒడ్డు మీద నిబంధనలు నాకు వేరేలా కనిపించాయి. ప్యూజెట్ సౌండ్‌లో సాల్మన్‌కు ఎదురుముల్లు లేని గాలమే వాడాలి, అది సులువుగా ఊడుతుంది. నోట్లో కాకుండా వీపుకో తోకకో తగులుకున్న చేప మనది కాదు. ఉంచుకున్న చేపను అప్పటికప్పుడే కార్డులో రాయాలి. ఇక్కడి అడవి షినూక్ సాల్మన్ 1999లో ముప్పులో ఉన్న జాతుల జాబితాకెక్కింది. కాబట్టి హంపీ అనుకుని లాగింది ఏ జాతో గుర్తుపట్టడం రావాలి. నదిలో, వదలాల్సిన సాల్మన్‌ను పూర్తిగా నీటి బయటకు ఎత్తడమే నేరం.

ఎందుకో 1992లో కెనడాలో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం చెబుతుంది. రెయిన్‌బో ట్రౌట్‌ను అలిసిపోయేలా ఈదించి, కొన్నిటిని గాలిలో ఉంచి చూశారు. గాలిలో పెట్టనివాటిలో 12 శాతం చనిపోయాయి. 30 సెకన్లు ఉంచినవాటిలో 38 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 72 శాతం. అది ప్రయోగశాల లెక్క, వేరే చేప, అన్నిచోట్లా అంతే జరగదు. కానీ నా మూడు ఫోటోలకు ఎంత సమయం పట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రాయని మర్యాదలు కూడా ఉన్నాయి. పక్కవాడికి చేప పడితే మన తాడు చుట్టేసుకుని దారివ్వాలి. వరసలో చొరబడకూడదు. నదిలో గుడ్లు పెడుతున్న చేపల జోలికి వెళ్ళకూడదు, ఆ గులకరాళ్ళ మీద అడుగు వేయకూడదు. నదిలోకి వచ్చిన సాల్మన్ మేత మానేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే పైదాకా పోవాలి. మన సరదా కోసం దాన్ని పది నిమిషాలు లాగితే ఆ ఖర్చు దానిదే.

నాన్నగారి ప్రశ్న

మొదట్లో నేను పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా పాతిక చేపలు పట్టి, పాతికా వదిలి, ఒక్కటీ చంపలేదని గర్వపడేవాణ్ణి. 12 శాతం లెక్క చూశాక ఆ గర్వం పోయింది. పాతికలో ఎన్ని నా కనుచూపు దాటాక తేలిపోయాయో ఎవరికి తెలుసు? రెండు పట్టి రెండూ తిన్నవాడు నాకన్నా తక్కువ చేపల్ని చంపి ఉండొచ్చు.

అందుకే ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్నాను. నిబంధన ఎన్నిటికి ఒప్పుకున్నా, సముద్రపు ఒడ్డున రెండు పడగానే రాడ్ మడిచేస్తాను. వదలాల్సి వస్తే నీళ్ళలోనే, చేత్తో ఎత్తకుండా గాలం తీస్తాను. నదిలో పైకెళ్ళి ముదురు రంగు తిరిగిన చేపలను గట్టు మీద కూర్చుని చూడడమే. మా అమ్మాయి చిన్నప్పటినుంచి వాటిని చూస్తూ పెరిగింది. ఏ సంవత్సరం హంపీలు వస్తాయో చెప్పమంటే తన పుట్టినరోజంత ఠక్కున చెబుతుంది.

నాన్నగారు ఇప్పుడు అంత దూరం ప్రయాణం చేయలేరు. 2025 ఆగస్టులో ఫోన్ చేస్తే మొదట అడిగింది ఇదే.

"మీ గూని చేపలొచ్చాయా?"

"వచ్చాయి నాన్నా."

"ఎన్ని తెచ్చావు?"

"రెండు."

"చాల్లే. చింతపండు కొంచెం తక్కువ వెయ్యి" అన్నారు.